వంటింటి ఉత్తరాలు: చిల్లీ వండి నన్ను తిట్టినవాళ్ళకి

కార్తీకమాసానికి ముందు సంచికలో మాంసం లేని చిల్లీ గురించి రాశాను. చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. ఇక్కడ చిల్లీ అంటే మిరపకాయ కాదు, అమెరికాలో టెక్సాస్ వైపు వండుకునే చిక్కటి ఎర్ర కూర. అక్కడ గొడ్డుమాంసంతో చేస్తారు. నేను రాజ్మా, మీల్ మేకర్ వేసి స్లో కుక్కర్లో, అంటే సన్న వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్లో, చేసే పద్ధతి చెప్పాను. నెలంతా నీచు ముట్టని ఇళ్ళలో పిల్లలు పప్పుచారు చూసి మొహం తిప్పుకుంటారు కదా, వాళ్ళకి పనికొస్తుందనుకున్నాను. ఉత్తరాలు సంచీడు వచ్చాయి. సగం తిట్లే. ఆ తిట్లలోనూ సగం నాకు న్యాయంగా రావలసినవే. అందుకని ఈసారి వేరే వంట పెట్టుకోకుండా వీటికే జవాబులు రాస్తున్నాను. కొందరు పేర్లు వేయొద్దన్నారు, అందుకే అందరికీ ఊరి పేరే వేశాను.

"పిన్నిగారూ, మీరు రాసినట్టే మూడు పెద్ద చెంచాల చిల్లీ పౌడర్ వేశాను. మా మావగారు ఒక్క ముద్ద తిని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. పిల్లలకి కళ్ళంట నీళ్ళు. మా అత్తగారు 'ఏటమ్మా ఇది, కూరేనా, ఎవరిమీదైనా పగా?' అన్నారు. ఇందులో నా తప్పేముంది?" (బొబ్బిలి)

నీ తప్పేమీ లేదు తల్లీ, నాదే. మూడేళ్ళ కిందట పురిటికని మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్ళి ఆర్నెల్లు ఉన్నాను. ఈ కూర అక్కడే నేర్చుకున్నాను. అమ్మాయి నోటు పుస్తకంలో రాసుకున్న కొలతలే ఇక్కడికి ఎత్తేశాను. అక్కడ చిల్లీ పౌడర్ అని అమ్మే డబ్బాలో ఉండేది మన కారం కాదు. ఘాటు లేని ఎండుమిర్చి పొడిలో జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఓరిగానో కలిపిన మసాలా అది. మూడు చెంచాలు వేసినా నాలుక చుర్రుమనదు. మన గుంటూరు కారం మూడు పెద్ద చెంచాలు వేస్తే మీ మావగారు పెరట్లో ఆగారు, నయం.

మన సరుకుతో ఆ మసాలా కావాలంటే రంగుకి కాశ్మీరీ కారం రెండు చిన్న చెంచాలు, ఘాటుకి మామూలు కారం ఒకటే చిన్న చెంచా, వేయించి కొట్టిన జీలకర్ర పొడి రెండు, ధనియాల పొడి ఒకటి తీసుకోండి. ఓరిగానో కోసం పరుగెత్తక్కర్లేదు. పిజ్జాతో ఇచ్చే చిన్న పొట్లాలు ఇంట్లో ఉంటే సరే, లేకపోతే బజ్జీలు వేసుకునే వామాకు నాలుగైదు సన్నగా తరిగి వేయండి. ఓరిగానో ఘాటుకి కారణమైన కార్వక్రాల్ అనే పదార్థం వామాకులోనూ ఉంటుంది. దీన్ని కొన్ని దేశాల్లో క్యూబా ఓరిగానో అనే పిలుస్తారు. మా గోడ పక్క కుండీలో గుబురుగా పెరిగిపోయి ఉంది, పక్కింటివాళ్ళు దగ్గుకి కోసుకెళ్తుంటారు.

ఇప్పటికే కారం ఎక్కువైన కూర మిగిలి ఉంటే నీళ్ళు పోయకండి. మిరపలో మండేది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఉడికించిన బంగాళాదుంప మెదిపి కలపండి, వడ్డించేటప్పుడు పైన గడ్డ పెరుగు వేయండి. టెక్సాస్‌లోనూ పైన పుల్లటి మీగడ వేసుకుంటారు, మన పెరుగు దానికేం తీసిపోదు.

సరిదిద్దిన కొలతలన్నీ మళ్ళీ ఒకసారి చెప్తాను, పాత సంచికలోవి కొట్టేయండి. రాజ్మా పావుకిలో, మీల్ మేకర్ ఒక గుప్పెడు, పెద్ద ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, కాప్సికం ఒకటి, టమాటా అరకిలో, పైన చెప్పిన మసాలా, ఉప్పు, మూడు చెంచాల నూనె. మీల్ మేకర్ వేడినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పిండేసి, కీమాలా ముక్కలు కొట్టండి. ఉల్లి, వెల్లుల్లి, కాప్సికం, మీల్ మేకర్, మసాలా, టమాటా మూకుట్లోనే వేయించాలి. స్లో కుక్కర్ వేయించదు. మూత కింద ఎప్పుడూ తడే, ఆ తడిలో ఉల్లిపాయ ఎర్రబడదు, పచ్చి వాసన పట్టుకుని కూర్చుంటుంది. పూర్తిగా ఉడికిన రాజ్మా, వేయించిన ముద్ద, గ్లాసున్నర వేడినీళ్ళు స్లో కుక్కర్లో వేసి 'లో' (తక్కువ వేడి) మీద నాలుగైదు గంటలు. నీళ్ళు ఇగరవు కాబట్టి గ్యాస్ మీద పోసినంత పోయకండి. ఇక్కడ 'పూర్తిగా ఉడికిన' అన్న మాటని కిందటిసారి నేను రాయలేదు. దాని ఫలితం తరువాతి ఉత్తరం.

"మీ చిల్లీ తిన్న రెండు గంటలకి ఇంట్లో ముగ్గురికి వాంతులు. మా బాబుకి విరేచనాలు కూడా. పొద్దుటికి తగ్గాయి గానీ భయపడిపోయాం. రాజ్మా రాత్రంతా నానబెట్టాను, కడిగాను, కుక్కర్లో లో మీద ఎనిమిది గంటలు పెట్టాను. కూర పాడవలేదు, వాసన బాగానే ఉంది. ఎందుకిలా జరిగింది?" (పార్వతీపురం)

ఈ ఉత్తరం చదివి ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. మీ ముగ్గురికీ క్షమాపణ. ఎందుకు జరిగిందో నాకు బాగా తెలుసు, మా ఇంట్లోనూ జరిగింది కాబట్టి. తెలిసీ రాయడం మరిచిపోయాను.

డాలస్ నుంచి వచ్చాక ఇక్కడే ఒక స్లో కుక్కర్ కొనుక్కున్నాను. ఆ ఏడు మా విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలు. పొద్దున్నే నానిన రాజ్మా, ఉల్లిపాయలు, టమాటాలు అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేసి, మూత పెట్టి, సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల కూడలి వైపు పోయాం. వంట చేయకుండా వంట అయిపోతుందన్న సంబరం. రాత్రి అందరం తిన్నాం. తొమ్మిదయ్యేసరికి మా ఆడపడుచు, ఇద్దరు పిల్లలు, చివరికి నేను, వరసగా పెరట్లోకి. ఎవరో 'ఆ గుంపులో తిన్న బజ్జీలే' అన్నారు. నేనూ ఊరుకున్నాను, నిజం చెప్పాలంటే ఆ నేరం బజ్జీల మీదకే తోశాను. మా ఆయన ఒక్కరే బాగున్నారు. ఆయన బజ్జీలు తిన్నారు, రాజ్మా ముట్టలేదు. అప్పుడు అనుమానం వచ్చింది.

ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషం సహజంగానే ఉంటుంది. పాడైన గింజలో కాదు, మంచి గింజలోనే. పచ్చి గింజలో దాన్ని కొలిస్తే 20,000 నుంచి 70,000 యూనిట్ల దాకా ఉంటుంది, పూర్తిగా ఉడికాక 200 నుంచి 400కి పడిపోతుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. సాధారణంగా కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గుతుంది. పిల్లలు, పెద్దవాళ్ళు నీరసించిపోతే మాత్రం ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈ విషం చావాలంటే నీళ్ళు కళపెళా మరగాలి. స్లో కుక్కర్ లో మీద చాలాసేపు మరుగుకి కిందే ఉంటుంది, గింజ మధ్య దాకా ఆ వేడైనా చేరుతుందో లేదో. 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన గింజ పచ్చి గింజకంటే ఐదింతల దాకా ఎక్కువ విషం కావచ్చని అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరిస్తుంది. మనం మెత్తగా అయింది కదా అనుకుంటాం. మెత్తబడడం వేరు, విషం పోవడం వేరు. మీరు రాత్రంతా నానబెట్టారు, మంచిదే, కానీ నానబెట్టడం ఒక్కటే చాలదు.

కాబట్టి స్లో కుక్కర్ జోలికి వెళ్ళే ముందు గింజల్ని కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో గ్యాస్ మీద తెరిచిన గిన్నెలో పొంగు వచ్చాక అరగంట మరిగించాలి. పది నిమిషాలు చాలని చెప్పేవాళ్ళున్నారు, అమెరికా సంస్థ అరగంట అంటుంది. నేను అరగంట వైపే. ఇంకా తేలిక కావాలంటే ప్రెషర్ కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి, మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచండి. ప్రెషర్ కుక్కర్లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది, ఆ విషం కథ అక్కడే తీరిపోతుంది.

నేను విజయనగరంలో ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో మెస్ చూశాను. వారానికోసారి రాజ్మా. డేగిసాలో భగభగ మరిగేది, ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకు కాలేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అమ్మమ్మగారింట్లో దాలి ఉండేది. పిడకలు, ఊక వేసి నిప్పు పెట్టిన గుంట, అందులో పాలు సాయంత్రం దాకా కాగి ఎర్రటి మీగడ కట్టేవి. ఎద్దులకి ఉలవలు కూడా అందులోనే ఉడికేవి. కానీ ఉలవల కుండని ముందు పొయ్యి మీద పెట్టి, నురగ పొంగి అంచు దాటాకే దాలిలోకి దింపేది అమ్మమ్మ. "పొంగు రాంది దాలిలో పెట్టకే గుంటా" అని నన్ను కసిరిన రోజు గుర్తుంది. అప్పుడు ఆవిడ చాదస్తం అనుకున్నాను.

"ప్రెషర్ కుక్కర్లో పెట్టకుండా గిన్నెలో పది నిమిషాలు మరిగించాను. తొమ్మిది గంటలు ఉంచినా గింజ పటుక్కుమంటోంది. మా స్లో కుక్కర్ పాడైందా?" (శ్రీకాకుళం)

పాడవలేదు. టమాటా ముందే వేశారా? ఉత్తరంలో రాయలేదు గానీ వేసే ఉంటారు. పులుపు తగిలితే గింజ పై తోలు గట్టిపడుతుంది, తరువాత ఎంతసేపు ఉడికినా లొంగదు. చింతపండు ముందే వేస్తే కందిపప్పు ఉడకదని మనకి తెలుసు, టమాటా దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం. అయితే రాజ్మాని ముందే పూర్తిగా ఉడికించి అప్పుడు టమాటాతో కలపండి, లేదా టమాటా ముద్దని చివరి గంటన్నరలో వేయండి.

మీ ఏడు రోడ్ల కూడలి దగ్గర కొన్నారో, ఇంకెక్కడ కొన్నారో గానీ గింజ పాతదైనా ఇదే బాధ. రెండేళ్ళు కొట్లో మగ్గిన రాజ్మా ఉడకమన్నా ఉడకదు. చింతపల్లి, పాడేరు వైపు మన్యంలో పండే రాజ్మా కొత్త పంట దొరికితే అది తీసుకోండి. గింజ కాస్త చిన్నదిగా, మచ్చలతో ఉన్నా తొందరగా మెత్తబడుతుంది, రుచి కూడా ఢిల్లీ నుంచి వచ్చే పాకెట్ కంటే నాకు నచ్చుతుంది. బోరు నీళ్ళు చవుడుగా ఉంటే తాగే నీళ్ళు పోయండి. నానబెట్టేటప్పుడు చిటికెడు తినే సోడా వేస్తే మంచిదే, చెంచాడు వేస్తే సబ్బు రుచి. నానబెట్టే నీళ్ళలో ఉప్పు వేస్తే గింజ ఉడకదని అంటారు కదా, అది నిజం కాదు, తోలు ఇంకా మెత్తబడుతుంది.

అన్నట్టు, ఆ పది నిమిషాలు పొంగు వచ్చాక లెక్కపెట్టారా, స్టవ్ వెలిగించినప్పటి నుంచా?

"మా మరిది అమెరికా నుంచి స్లో కుక్కర్ తెచ్చాడు. ప్లగ్గు పట్టలేదని అడాప్టర్ కొని పెట్టాం. పావుగంటలో కాలిన వాసన, ఫ్యూజు ఎగిరింది. ఇప్పుడు గిన్నె మిగిలింది. బాగుచేయించొచ్చా?" (టెక్కలి)

అడాప్టర్ ప్లగ్గు ఆకారం మారుస్తుంది, కరెంటు మార్చదు బాబూ. అక్కడ ఇళ్ళలో 120 వోల్టులు, ఇక్కడ 230. వోల్టేజి దాదాపు రెట్టింపైతే లోపలి తీగ దాదాపు నాలుగింతల వేడి తీస్తుంది. 240 వాట్ల కుక్కరు మీ ఇంట్లో 880 వాట్లు లాగింది, ఇక స్లో ఎక్కడుంది. పెట్టే ముందు అడుగున అంటించిన కాగితం మీద వోల్టులు చదవాలి. 120 అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ కుక్కరు వాట్లకి రెట్టింపు మోయగలిగేది. ఆ బరువు, ఆ ఖర్చు పెట్టేకంటే ఇక్కడే ఒకటి కొనుక్కోవడం మేలు. కాలిపోయినదాన్ని బాగుచేయించి రాత్రంతా వదిలేసి పడుకోవడం నేనైతే చేయను.

గిన్నె పారేయకండి. పింగాణీది కాబట్టి స్టవ్ మీద మాత్రం పెట్టొద్దు, టక్కున పగులుతుంది. అందులో పెరుగు తోడేస్తే గడ్డలా వస్తుంది. మీ మరిదిని ఏమీ అనకండి, సూట్‌కేసులో అంత బరువు మోసుకొచ్చాడు.

"విజయనగరం నుంచి విశాఖ రోజూ రైల్లో వెళ్ళొస్తాను. పొద్దున ఏడింటికి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతాను. ఒక్కడినే ఉంటాను. పొద్దున్నే పెట్టి వెళ్ళిపోతే వచ్చేసరికి వేడిగా ఉంటుందా? మధ్యలో కరెంటు పోతే?" (విజయనగరం)

స్లో కుక్కర్ ఎవరికి కావాలని నన్నడిగితే మీలాంటివాళ్ళకే అంటాను. రాత్రి భోజనం అయ్యాక రాజ్మా ప్రెషర్ కుక్కర్లో ఉడికించి, ఉల్లి టమాటా ముద్ద వేయించి, రెండూ విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొద్దున రెండూ కలిపి గ్యాస్ మీద ఒక పొంగు తెచ్చి, వేడివేడిగా కుక్కర్లో పోసి, లో నొక్కి వెళ్ళిపోండి. గిన్నె సగానికి తక్కువ కాకుండా, మూడింట రెండు వంతులకి మించకుండా ఉండాలి. పదమూడు గంటలు లో మీద ఉంటే అడుగంటుతుంది, కాబట్టి ఐదారు గంటల తరువాత దానంతట అదే వార్మ్‌లోకి, అంటే వేడి మాత్రం నిలిపి ఉంచే దశలోకి, మారే రకం చూసుకోండి. వార్మ్‌లో కూడా కొన్ని గంటలే బాగుంటుంది, మీ లెక్కకి కాస్త ఎక్కువే అవుతుంది. లో మీద ఎనిమిది గంటల దాకా పెట్టగలిగే రకమైతే ఇంకా నయం. చల్లటి సరుకు గిన్నెలో వేసి మధ్యాహ్నం ఆన్ అయ్యేలా టైమర్ మాత్రం పెట్టొద్దు. మన ఎండకి రెండు గంటల్లో పులుస్తుంది.

కరెంటు సంగతి అసలైన ప్రశ్న. ఇంట్లో ఉండగా పోతే గిన్నెలోది స్టీలు గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద ముగించేయండి. మీరు ఇంట్లో లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడ్డానికి ఉడికినట్టున్నా పారబోయాలి. బాధగానే ఉంటుంది. కరెంటుతో నడిచే గోడ గడియారం ఒకటి పెట్టుకుంటే ఎంతసేపు పోయిందో అదే చెబుతుంది, నాకు ఇంజనీరు మేనల్లుడు చెప్పిన చిట్కా. తుపాను కబురు వినిపిస్తే ఆ వారం స్లో కుక్కర్ అటక మీదే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు చుట్టాలకి రోజుల తరబడి కరెంటు లేదు, కట్టెల పొయ్యే కూడు పెట్టింది.

ఇంకొకటి, మధ్యలో ఇంట్లో ఉంటే మూత తీసి తీసి చూడకండి. తీసినప్పుడల్లా పోయిన వేడి మళ్ళీ రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

"మా నాన్నగారికి వారానికి రెండు డయాలసిస్‌లు. చిల్లీ అడుగుతున్నారు. పెట్టొచ్చా?" (సోంపేట)

ఈ కూరలో రాజ్మా, టమాటా, మీల్ మేకర్ మూడింట్లోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగున్నవాళ్ళకి అది మంచిదే, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి గుండెకే ముప్పు. ఉద్దానం ఇళ్ళలో ఈ ప్రశ్న ఎంతమందిదో నాకు తెలుసు తల్లీ. వంట పుస్తకం చూసి నిర్ణయించే విషయం కాదిది. ఈసారి డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు ఎంత పెట్టొచ్చో, అసలు పెట్టొచ్చో లేదో అక్కడి డాక్టర్నే అడుగు. ఒక చెంచాడే కదా అని నీ అంతట నువ్వు పెట్టకు.

"ముప్పావుగంటలో ప్రెషర్ కుక్కర్లో అయ్యేదానికి ఎనిమిది గంటలు కరెంటు కాల్చడం ఏ తెలివి?" (చీపురుపల్లి)

మీరు కోపంగా అడిగినా న్యాయంగానే అడిగారు. 200 వాట్ల కుక్కరు ఎనిమిది గంటలు నడిస్తే 1.6 యూనిట్లు. కొంప మునిగే ఖర్చేమీ కాదు. కానీ ఇంట్లో మనిషి ఉండి, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉంటే, ఈ సామాను కొనక్కర్లేదు. పైన చెప్పిన కూర మందపాటి గిన్నెలో సన్న సెగ మీద ముప్పావుగంట ఉంచినా బాగుంటుంది. రాజ్మా ఎలాగూ ప్రెషర్ కుక్కర్లో ఉడికించమంటున్నాను, ఇంక స్లో కుక్కర్ చేసేది రుచి పట్టించడమే.

ఇది కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన కూడా గింజల కోసమే కనిపెట్టాడు. యూదులు శనివారం నిప్పు ముట్టించరు. అందుకని వాళ్ళ అమ్మమ్మ లిథువేనియాలో శుక్రవారం సాయంత్రం చిక్కుడు గింజలు, మాంసం వేసిన కుండని ఊరి రొట్టెల బట్టీలో పెట్టి, మర్నాడు తెచ్చుకునేదట. తల్లి చెప్పిన ఆ కథ విని యంత్రం చేశాడు. 1940లో పేటెంటు వచ్చింది. 1970లో వేరే కంపెనీ కొనుక్కుని, మరుసటి ఏడు క్రాక్‌పాట్ అని పేరు మార్చి అమ్మింది. ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు. ఆ బట్టీ కుండ సంగతి మా అమ్మాయి చెప్తుంటే నాకు మా దాలి కళ్ళ ముందు కనపడింది.

"మా తమ్ముడు హ్యూస్టన్‌లో ఉంటాడు. మీరు రాసింది చూసి నవ్వాడు. చిల్లీలో గింజలే వేయరట, మాంసం లేకపోతే అది చిల్లీ కాదట. నిజమేనా?" (రాజాం)

మీ తమ్ముడు పక్కా టెక్సాస్‌వాడైపోయాడన్నమాట. నిజమే. చిల్లీ కాన్ కార్నె అంటేనే మాంసంతో మిరప. సాన్ ఆంటోనియో ఊళ్ళో బజారులో రాత్రిపూట ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టి అమ్మేవారు, వాళ్ళని చిల్లీ క్వీన్స్ అనేవారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో కొట్టు పెట్టాక మిగతా అమెరికాకి తెలిసింది. 1977లో టెక్సాస్ దీన్ని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. 1967లో టెర్లింగ్వాలో మొదలైన చిల్లీ పోటీల్లో ఇప్పటికీ గింజలు వేస్తే పక్కన పెట్టేస్తారు. అవతల రాష్ట్రాలవాళ్ళు మాత్రం హాయిగా గింజలు వేసుకుంటారు. మనం ఉప్మాలో జీడిపప్పు వేస్తే ఎవరూ కేసు పెట్టరు కదా.

పేరు ఏదైనా పెట్టుకోండి, చిక్కదనం రావాలి. వాళ్ళు సున్నపు నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్న పిండి వేస్తారు. మన కొట్లో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి పొడి అది కాదు, వేస్తే చైనా సూప్ అవుతుంది. నేను ఒక గరిటెడు రాజ్మా మెదిపి, ఒక చెంచా చోడిపిండి (రాగిపిండి) నీళ్ళలో కలిపి చివర్లో పోసి ఇంకో పావుగంట ఉంచుతాను. రంగు కూడా ముదురుతుంది. అరకు కాఫీ డికాక్షన్ రెండు చెంచాలు, చిటికెడు బెల్లం వేస్తే మాంసం లేదన్న లోటు చాలావరకు పూడుతుంది. కాఫీ వేసే అలవాటు అక్కడా ఉంది, తమ్ముణ్ణి అడగండి. మీల్ మేకర్ వాసన పడనివాళ్ళు మాఘ ఫాల్గుణాల్లో లేత పనసకాయ దొరికినప్పుడు పనసపొట్టు వేసుకోండి, మీ తమ్ముడికి చెప్పకుండా పెడితే మాంసమే అనుకుంటాడు. పక్కన వాళ్ళు మొక్కజొన్న రొట్టె పెట్టుకుంటారు, నేను దిబ్బరొట్టె కాలుస్తాను.

"తిన్న రోజు కడుపు ఉబ్బరం." (నరసన్నపేట)

నానిన నీళ్ళతోనే ఉడికించి ఉంటారు. ఆ నీళ్ళు పారబోయండి, ఇంగువ వేయండి, మొదటిసారి కప్పు కాకుండా గరిటెడే తినండి. వారం వారం తింటుంటే కడుపు అలవాటు పడుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ రాత్రిపూట పడదు.

"రాజ్మా భయం పెట్టేశారు. బొబ్బర్లతోనో ఉలవలతోనో చేసుకోవచ్చా?" (సాలూరు)

బొబ్బర్లతో చేసుకోండి, బాగుంటుంది. ఎర్ర రాజ్మాలో ఉన్నంత విషం వాటిలో ఉండదు, తొందరగా ఉడుకుతాయి. అయినా నానబెట్టి, పొంగు తెప్పించాకే కుక్కర్లో పెట్టండి, ఆ అలవాటు పోగొట్టుకోవద్దు. ఉలవలతో నేనూ ఒకసారి చేశాను. జీలకర్ర, కాఫీ, వామాకు, అన్నీ పద్ధతిగా వేశాను. ఆరు గంటల తరువాత మూత తీస్తే ఇల్లంతా ఉలవచారు వాసన. మా ఆయన వెన్న వేసుకుని రెండుసార్లు అన్నంలో కలుపుకున్నారు, "ఇవాళ చారు అదిరింది" అన్నారు. నేను చిల్లీ అన్న మాట ఎత్తలేదు.